మన్యం అంచున మనస్తత్వ శాస్త్రం



ఈ పూట మనస్తత్వ శాస్త్రం గురించీ, దాని ముఖ్యమైన శాఖల గురించీ మాట్లాడుకుందాం. ఈ పేరు చెప్పగానే మన ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతాల్లో చాలామందికి రెండే గుర్తుకొస్తాయి. ఒకటి, టెట్, డీఎస్సీ పరీక్షల కోసం కంఠస్థం చేసే పుస్తకం. రెండోది, హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి. ఉద్యోగం కావలసినవాళ్ళో, మతి చలించినవాళ్ళో తప్ప మిగిలినవాళ్ళకు దీనితో పనిలేదన్న అభిప్రాయం మనలో పాతుకుపోయింది. ఆ అభిప్రాయం తప్పు. గిరిజన ఆశ్రమ పాఠశాలలో చేరిన పసివాడు రాత్రిళ్ళు అమ్మను తలచుకుని ఏడవడం, బొగ్గుబాయి కార్మికుడు మూడో షిఫ్టులో ఏమరుపాటు పడటం, గోదావరి పొంగినప్పుడు ఊరంతా ఒక పుకారును నమ్మి పరుగు తీయడం, ధర పడిపోయిన మిర్చి రైతుకు కంటిమీద కునుకు లేకపోవడం, ఇవన్నీ మనస్తత్వ శాస్త్రం పరిశీలించే విషయాలే. ఈ శాస్త్రంలోని ప్రతి శాఖకూ మన ప్రాంతంలో చేయవలసిన పని ఉంది. ఆ సంగతి చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

మీరిప్పుడు వింటున్న ఆకాశవాణికీ ఈ శాస్త్రానికీ పాత చుట్టరికం ఉంది. మైసూరు విశ్వవిద్యాలయంలో ఎం.వి. గోపాలస్వామి అనే ఆచార్యుడు మనస్తత్వ శాస్త్రం బోధించేవారు. ఆయన 1935లో తన ఇంట్లోనే చిన్న రేడియో కేంద్రం నెలకొల్పారు. ఆకాశవాణి అన్నది ఆ కేంద్రం పేరే. కాలక్రమంలో దేశం మొత్తం రేడియోకు ఆ పేరు స్థిరపడింది. మనసును చదివిన మనిషి మాటను ఇంటింటికీ చేర్చే సాధనం కోసం తపించాడంటే అందులో వింతేమీ లేదు.

మనసు కంటికి కనిపించదు కదా, దానికి శాస్త్రమేమిటని అడిగేవాళ్ళుంటారు. న్యాయమైన ప్రశ్నే. దానికి తొలి సమాధానం జర్మనీలో దొరికింది. 1879లో లైప్జిగ్ విశ్వవిద్యాలయంలో విల్హెల్మ్ వుంట్ మనస్తత్వ శాస్త్రానికి ప్రయోగశాల ఏర్పాటు చేశాడు. ఆధునిక మనస్తత్వ శాస్త్రం పుట్టిన ఏడాదిగా పుస్తకాలన్నీ దీన్నే చెబుతాయి. ఒక శబ్దం వినిపించగానే మీట నొక్కమని మనిషికి చెప్పడం, శబ్దానికీ నొక్కడానికీ మధ్య గడిచిన కాలాన్ని సెకనులో వెయ్యో వంతు వరకు కొలవడం, అక్కడి ప్రయోగాల్లో ఒకటి. మీట నొక్కే ముందు రెండు రంగుల్లో ఏది వెలిగిందో తేల్చుకోమంటే ఆ కాలం పెరుగుతుంది. పెరిగిన ఆ కాస్త కాలమే మనసు చేసిన పనికి కొలత. ఇలా మనసును నేరుగా చూడలేకపోయినా, అది చేసే పనిని పరిశీలించవచ్చనీ, కొలవవచ్చనీ, ఒకరు చెప్పినదాన్ని మరొకరు పరీక్షించి చూడవచ్చనీ తేలింది. పరీక్షకు నిలబడటమే శాస్త్రానికి గుర్తు.

ఆ తర్వాత అనేక వాదాలు వచ్చాయి. అమెరికాలో విలియం జేమ్స్ 1890లో అచ్చయిన తన గ్రంథంలో మన ఆలోచనలు ముక్కలు ముక్కలుగా ఉండవు, ఎడతెగకుండా ప్రవహిస్తాయి అన్నాడు. చైతన్య స్రవంతి అని మన సాహిత్య విమర్శకులు వాడే మాటకు మూలం అదే. వరంగల్లు రచయిత నవీన్ 1969లో వెలువరించిన ‘అంపశయ్య’ నవల ఆ పద్ధతిలో రాసిందే. వియన్నాలో సిగ్మండ్ ఫ్రాయిడ్, మనిషి ప్రవర్తన వెనుక తనకే తెలియని కోరికలూ భయాలూ ఉంటాయన్నాడు. రష్యాలో ఇవాన్ పావ్లోవ్, కుక్కకు అన్నం పెట్టేముందు ప్రతిసారీ ఒక శబ్దం వినిపిస్తూ పోతే, కొన్నాళ్ళకు ఆ శబ్దానికే దానికి నోరూరుతుందని చూపించాడు. 1913లో జాన్ వాట్సన్, తర్వాత బి.ఎఫ్. స్కిన్నర్, కనిపించే ప్రవర్తననే చదవాలని పట్టుబట్టారు. 1950ల తర్వాత కంప్యూటర్లతో పాటు మళ్ళీ ఆలోచన, జ్ఞాపకం, భాష చర్చలోకి వచ్చాయి. నేటి శాస్త్రం ఏ ఒక్క వాదాన్నీ పట్టుకుని కూర్చోలేదు. పరీక్షకు నిలిచిన సంగతులను అన్నింటి నుంచీ తీసుకుని ముందుకు సాగింది.

మన దేశం ఈ శాస్త్రాన్ని ఆలస్యంగా అందుకోలేదు. కలకత్తా విశ్వవిద్యాలయంలో 1916 నాటికే మనస్తత్వ శాస్త్ర విభాగం మొదలైంది. హార్వర్డులో చదివి వచ్చిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తా దాన్ని నడిపారు. 1922లో డాక్టర్ గిరీంద్రశేఖర్ బోస్ అదే నగరంలో మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించారు. ఫ్రాయిడ్‌తో ఉత్తరాలు నడపడమే కాకుండా, ఆయన సిద్ధాంతాలతో విభేదించడానికి కూడా వెనుకాడలేదు. తెలుగునాట ఆచార్య కె. రామకృష్ణారావు 1960ల చివర్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ శాస్త్రానికి విభాగం నెలకొల్పారు. భారతీయ తత్వశాస్త్రం మనసు గురించి చెప్పినదాన్ని ఆధునిక పరిశోధనతో కలిపి చూడటానికి ఆయన జీవితమంతా కృషి చేశారు.

ఇక శాఖల్లోకి వద్దాం.

మొదటిది వికాస మనోవిజ్ఞానం. పుట్టినప్పటి నుంచి ముసలితనం దాకా మనిషి మనసు ఎలా ఎదుగుతుందో, మారుతుందో ఇది చెబుతుంది. స్విట్జర్లాండుకు చెందిన జీన్ పియాజే, పిల్లలు చిన్న సైజు పెద్దవాళ్ళు కారనీ, వాళ్ళ ఆలోచనా పద్ధతే వేరనీ చూపించాడు. ఇంగ్లండులో జాన్ బౌల్బీ, పసిబిడ్డకు తిండి ఎంత అవసరమో తనను ప్రేమగా చూసుకునే ఒక మనిషి నిలకడగా దగ్గరుండటం అంతే అవసరమని చెప్పాడు. ఆయనతో పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ 1950లలో ఆఫ్రికాలోని ఉగాండా పల్లెల్లో తల్లులనూ బిడ్డలనూ పరిశీలించి ఈ సంగతిని బలపరిచింది.

మన ఏజెన్సీకి ఇది చాలా దగ్గరి విషయం. చర్ల, దుమ్ముగూడెం మండలాల్లోని గూడేల నుంచి ఆరేడేళ్ళ పిల్లలు ఆశ్రమ పాఠశాలలకు వస్తారు. అమ్మానాన్నలకూ, అడవికీ, ఇంటి భాషకూ ఒక్కసారిగా దూరమవుతారు. మొదటి నెలల్లో పిల్లవాడు అన్నం సరిగ్గా తినకపోతే, పక్క తడిపితే, చెప్పకుండా ఇంటి దారి పడితే దాన్ని మొండితనంగా చూడకూడదు. ఎడబాటు తట్టుకోలేని పసిమనసు అలాగే మాట్లాడుతుంది. హాస్టల్లో ఒక వార్డెనమ్మో, వంటమనిషో, పెద్ద తరగతి అక్కో రోజూ పలకరించి ఆ బిడ్డను తనదిగా చూసుకుంటే ఆ దిగులు చాలావరకు తీరుతుంది. బిడ్డకు ఆసరా ఇవ్వడానికి ఆ పెద్దమనిషికి ఏ డిగ్రీ అక్కర్లేదు, రోజూ దగ్గరుంటే చాలు.

రెండోది విద్యా మనోవిజ్ఞానం. తెలిసినదాని నుంచి తెలియనిదానికి నడిపించాలన్నది దీని తొలి పాఠం. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లకు బడిలో మొదటి రోజు నుంచే తెలుగో, ఇంగ్లీషో వినిపిస్తే ఆ పిల్ల ఒకేసారి రెండు బరువులు మోయాలి. భాష నేర్చుకోవాలి, ఆ రాని భాషలోనే లెక్కలూ నేర్చుకోవాలి. దాంతో మొద్దు అన్న ముద్ర పడిపోతుంది. ఈ ఇబ్బంది గుర్తించే 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోయ, గోండి, కొలామి, సవర, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒరియా భాషల్లో, మొత్తం 8 భాషల్లో, చిన్న తరగతుల చదువు మొదలుపెట్టింది. తెలుగు లిపిలోనే ఆ భాషల వాచకాలు అచ్చువేసింది. ఇంటి భాషలో చదువు మొదలుపెట్టిన పిల్లలు తర్వాత రెండో భాషను కూడా మెరుగ్గా అందుకుంటారని ప్రపంచమంతటా జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. మన ప్రాంతంలో ఆ ప్రయత్నం మరింత బలంగా, ఆగిపోకుండా సాగాలి.

మూడోది సంజ్ఞానాత్మక మనోవిజ్ఞానం. జ్ఞాపకం, శ్రద్ధ, ఆలోచన దీని రంగం. 1885లో జర్మనీకి చెందిన హెర్మన్ ఎబింగ్‌హౌస్, అర్థంలేని అక్షరాల గుంపులను తానే బట్టీపట్టి, తానే పరీక్షించుకుని, నేర్చినదానిలో సగానికి పైగా గంట తిరిగేలోపే జారిపోతుందని తేల్చాడు. మరి నిలవాలంటే ఏం చేయాలి? 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి చూశారు. ఒక జట్టు ఆ పాఠాన్ని నాలుగుసార్లు చదివింది. మరో జట్టు ఒక్కసారి చదివి, పుస్తకం మూసి, మూడుసార్లు గుర్తున్నదంతా రాసింది. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే చదివిన జట్టే ముందుంది. వారం తర్వాత పరీక్షిస్తే చదివిన జట్టుకు పాఠంలో 40 శాతం, గుర్తు చేసుకున్న జట్టుకు 61 శాతం జ్ఞాపకముంది. పది, ఇంటర్ పరీక్షలకు సిద్ధమవుతున్న పిల్లలారా, ఉద్యోగ పరీక్షలు రాస్తున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ సంగతి గట్టిగా పట్టుకోండి. చదివిందే చదవడం కంటే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం మేలు.

తెలివితేటల కొలత కూడా ఈ శాస్త్రంలో పెద్ద భాగమే. 1905లో ఫ్రాన్సులో ఆల్ఫ్రెడ్ బినే తొలి తెలివి పరీక్షను తయారుచేసింది, బడిలో వెనుకబడిన పిల్లలకు అదనపు సాయం అందించడానికి. వాళ్ళమీద ముద్ర వేయడం ఆయన ఉద్దేశం కాదు. చదువురాని మనిషి తెలివిని రాతపరీక్షతో కొలవడం అన్యాయమని మన దేశంలో సి.ఎం. భాటియా గ్రహించారు. 1955లో ఆయన తయారుచేసిన పరీక్షల్లో చదవాల్సిందీ రాయాల్సిందీ ఏమీ లేదు. రంగు దిమ్మెలను బొమ్మకు సరిపోయేలా పేర్చడం, విడి ముక్కలతో చిత్రం కూర్చడం, విన్న అంకెలను తిరిగి చెప్పడం వంటి అయిదు పనులుంటాయి. బడి ముఖం చూడని మనిషి కూడా తన తెలివిని చూపగలిగే అవకాశం అందులో ఉంది.

ఇక్కడి నుంచి సంస్కృతులను పోల్చి చూసే శాఖలోకి వెళ్ళవచ్చు. 1931, 32 సంవత్సరాల్లో రష్యన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ లూరియా మధ్య ఆసియాలోని ఉజ్బెక్ రైతుల దగ్గరికి వెళ్ళి సుత్తి, రంపం, గొడ్డలి, దుంగ బొమ్మలు చూపించి, వీటిలో చేరనిది ఏదని అడిగాడు. బడికి వెళ్ళినవాళ్ళు దుంగ అన్నారు, మిగిలిన మూడూ పనిముట్లు కనుక. బడికి వెళ్ళనివాళ్ళు అన్నీ కావాలన్నారు. దుంగే లేకపోతే రంపంతో ఏం కోస్తామన్నది వాళ్ళ వాదన. వాళ్ళకు ఆలోచన రాదని దీని అర్థం కాదు. వాళ్ళ ఆలోచన పనితో ముడిపడి ఉంది. 1960లలో జాన్ బెర్రీ, వేటాడి బతికే ఎస్కిమోలనూ వ్యవసాయం చేసే ఆఫ్రికా టెమ్నే ప్రజలనూ పోల్చి, కళ్ళెదుటి దృశ్యంలో చిన్న తేడాను పసిగట్టడంలో వేటగాళ్ళు ముందున్నారని గమనించాడు. బతుకు దేన్ని కోరుతుందో మనసు దానిలో పదునెక్కుతుంది.

రమేశ్ చంద్ర మిశ్రా, దుర్గానంద సిన్హా, బెర్రీ కలిసి బిహార్ ఆదివాసుల మీద ఇలాంటి పరిశోధనే చేసి 1996లో పుస్తకంగా తెచ్చారు. పాదముద్ర చూసి ఏ జంతువు ఎప్పుడు నడిచిందో చెప్పే కోయ పెద్దల, పాపికొండల కొండరెడ్ల చూపు మీద కూడా అంత శ్రద్ధగా పరిశోధన జరగాలి. ఎందుకంటే ఈ శాస్త్రానికి ఒక పెద్ద లోటుంది. ప్రపంచ జనాభాలో 12 శాతం మాత్రమే ఉన్న పాశ్చాత్య సంపన్న దేశాల నుంచి, ప్రధాన పత్రికల్లో అచ్చయిన పరిశోధనల్లో పాల్గొన్నవాళ్ళలో 96 శాతం మంది వచ్చారని 2010లో జోసెఫ్ హెన్రిక్, ఆయన సహచరులు ఎత్తిచూపారు. మనిషి మనసు ఇలా ఉంటుందని చెప్పే శాస్త్రం మన్యం మనిషిని కూడా చూశాకే ఆ మాట అనాలి. ఇక్కడి డిగ్రీ కళాశాలల్లో చదివే ఆదివాసీ యువతీయువకులు ఈ శాస్త్రం వైపు రావాలని నేను బలంగా కోరుకుంటున్నాను.

నాడీ, జీవ మనోవిజ్ఞానం మరో ముఖ్య శాఖ. మెదడులో ఏం జరిగితే మనసులో ఏం జరుగుతుందో ఇది వెతుకుతుంది. పక్షవాతం వచ్చిన మనిషికి మాట పడిపోవడం, మెదడులో మాటకు సంబంధించిన చోటు దెబ్బతినడం వల్లనే. మన అటవీ ప్రాంతాన్ని తరతరాలుగా పీడించిన మలేరియా ఈ శాఖకు చాలా సంబంధించిన జబ్బు. మలేరియా మెదడుకెక్కితే రోగి పొంతనలేని మాటలు మాట్లాడతాడు, మనుషులను గుర్తుపట్టడు, మూర్ఛలు వస్తాయి. దాన్ని గాలి సోకిందనుకుని ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది. బతికి బయటపడ్డ పిల్లలను కూడా కనిపెట్టి ఉండాలి. ఉగాండాలో అలాంటి పిల్లలను రెండేళ్ళ తర్వాత పరీక్షిస్తే, దాదాపు నలుగురిలో ఒకరికి శ్రద్ధలోనో జ్ఞాపకంలోనో మరో సామర్థ్యంలోనో లోపం కనిపించింది. ఆ జ్వరం తగ్గాక చదువులో వెనుకబడిన పిల్లవాణ్ణి కొట్టవద్దు. డాక్టరుకు ఆ సంగతి చెప్పండి.

పారిశ్రామిక మనోవిజ్ఞానం కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు కార్మికులకు సొంత విషయం. ఈ శాఖలో మరచిపోలేని పరిశోధనల్లో ఒకటి బొగ్గుబాయిలోనే జరిగింది. 1951లో ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫోర్త్ ఇంగ్లండు గనుల మీద ఒక వ్యాసం ప్రకటించారు. బామ్‌ఫోర్త్ స్వయంగా ఏళ్ళ తరబడి బొగ్గు తవ్వినవాడు. పాత పద్ధతిలో ఇద్దరు ముగ్గురు కార్మికులు ఒక జట్టుగా, ఒకరి మీద ఒకరికి నమ్మకంతో, పని అంతా తామే చూసుకునేవాళ్ళు. యంత్రాలు వచ్చాక పనిని ముక్కలు చేసి ఒక్కో షిఫ్టుకు ఒక్కో ముక్క అప్పగించారు. చీకట్లో, ప్రమాదం మధ్య పనిచేసే మనిషికి తోడుగా నిలిచిన జట్టు చెదిరిపోయింది. గైర్హాజరీలు పెరిగాయి, మనోవేదనతో వచ్చే జబ్బులు పెరిగాయి, యంత్రం ఇస్తుందనుకున్న ఉత్పత్తి రాలేదు. యంత్రాన్నీ మనుషుల కూర్పునూ కలిపే ఆలోచించాలన్న సూత్రం అక్కడి నుంచి పుట్టింది. నేటికీ ప్రపంచ పరిశ్రమలన్నిటికీ అది పాఠమే. షిఫ్టులు మారుతూ పనిచేసేవారి నిద్ర, అలసట, ఏకాగ్రత కూడా ఈ శాఖ చూసే విషయాలు. నిద్ర చాలని మనిషికి చూపూ చేయీ నెమ్మదిస్తాయి. గనిలో రక్షణ అంటే హెల్మెట్టు, లైటు మాత్రమే కాదు, కార్మికుడి నిద్ర కూడా.

సాంఘిక మనోవిజ్ఞానం మనిషి నలుగురిలో ఉన్నప్పుడు ఎలా మారతాడో చెబుతుంది. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చిన సంగతి మీకు తెలుసు. అలాంటి రాత్రుల్లో పై ఆనకట్ట తెగిందనో, కరకట్టకు గండి పడిందనో మాట పుడితే నిమిషాల్లో ఊరంతా పాకుతుంది. 1947లో ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్ అనే శాస్త్రవేత్తలు పుకారుకు రెండు కారణాలు చెప్పారు. విషయం ప్రాణం మీదికి వచ్చేదై ఉండాలి, దాని గురించి సరైన సమాచారం లేకపోవాలి. రెండూ కలిస్తేనే పుకారు బలపడుతుంది. మొదటిది మన చేతిలో లేదు. రెండోది ఉంది. గంట గంటకూ నీటిమట్టం ఎన్ని అడుగులో రేడియోలో, మైకులో చెబుతుంటే పుకారుకు చోటుండదు.

ఈ విషయంలో ఒక భారతీయుడి పరిశోధన ప్రపంచ సిద్ధాంతానికే దారి చూపింది. 1934 బిహార్ భూకంపం తర్వాత పుట్టిన పుకార్లను జమునా ప్రసాద్ సేకరించారు. కంపం తెలిసినా నష్టం జరగని ఊళ్ళలో, ఇంతకంటే పెద్ద ఉపద్రవాలు రాబోతున్నాయన్న పుకార్లు విపరీతంగా నడిచాయి. అమెరికా శాస్త్రవేత్త లియోన్ ఫెస్టింజర్ దాని మీద ఆలోచించాడు. మనసులో భయం ఉంది, కళ్ళెదుట దానికి తగ్గ కారణం లేదు. ఆ భయానికి సరిపోయే కారణాన్ని జనం పుకారు రూపంలో తయారుచేసుకున్నారని ఆయన నిర్ధారించాడు. 1957లో ఆయన వెలువరించిన ప్రసిద్ధ సిద్ధాంతానికి అది ఒక ప్రేరణ. చేతబడి అనుమానంతో ఒక ముసలమ్మ మీదో, ముసలాయన మీదో దాడి జరిగే ముందు కూడా ఊళ్ళో నడిచేది ఇదే. బిడ్డ ఎందుకు చనిపోయిందో తెలియదు, దుఃఖం భరించరానిది, దానికి ఒక మనిషిని కారణంగా చూపిస్తే జనం నమ్మేస్తారు. ఆ సమయంలో జబ్బు పేరు, కారణం ఓపికగా విడమరిచి చెప్పే ఆరోగ్య కార్యకర్త ఒక నిండు ప్రాణం కాపాడగలదు.

ఊరు పోగొట్టుకోవడం కూడా మనసుకు గాయమే. అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒక పాత పేట కూల్చి అక్కడివారిని తరలించినప్పుడు మార్క్ ఫ్రైడ్ వాళ్ళను కలిశాడు. చాలామందిలో ఆయన చూసింది ఆప్తులు చనిపోయినప్పుడు కలిగే దుఃఖమే. 1963లో ఆయన ఆ సంగతి రాశాడు. పోలవరం ముంపు కింద కుక్కునూరు, వేలేరుపాడు వైపు ఊళ్ళు విడిచి వెళ్ళినవాళ్ళకు పరిహారంలో ఇల్లూ భూమీ లెక్కకట్టారు. ఊరి దేవత గుడీ, తాతల సమాధులూ, భూమి పండుగ చేసుకున్న చోటూ పోయిన దుఃఖాన్ని కూడా మనం గుర్తించాలి. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో హింసకు తాళలేక సరిహద్దు దాటి మన అడవుల్లో తలదాచుకున్న గుత్తికోయ కుటుంబాల సంగతీ ఇంతే. కళ్ళారా చూసిన హింస ఏళ్ళ తర్వాత కూడా పీడకలగా, ఉలికిపాటుగా తిరిగి వస్తుందని వైద్యశాస్త్రం 1980 నుంచి ఒక జబ్బుగా గుర్తించింది. దానికి చికిత్స ఉంది.

ఇక చికిత్సా మనోవిజ్ఞానం. జాతీయ మానసిక ఆరోగ్య సర్వేను బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015, 16లో నిర్వహించింది. పెద్దవాళ్ళలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారనీ, జబ్బును బట్టి వాళ్ళలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదనీ తేలింది. జ్వరం వస్తే ఎవరూ సిగ్గుపడరు, మందు కోసం వెళతారు. కుంగుబాటు వచ్చినా అంతే సహజంగా వెళ్ళాలి. రెండు వారాలకు పైగా రోజంతా దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, బతుకు వద్దనిపించడం ఉంటే ఆలస్యం చేయకూడదు. మానసిక వైద్యుడు ఎంబీబీఎస్ తర్వాత ఈ రంగంలో చదివి మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు పరీక్షలు చేసి, మాటల ద్వారా ఆలోచననూ అలవాట్లనూ సరిదిద్దే చికిత్స చేస్తారు. చాలాసార్లు ఇద్దరి సాయమూ కావాలి.

మన నమ్మకాలను ఈ శాస్త్రం చిన్నచూపు చూస్తుందని కొందరు భయపడతారు. జాతరలో, పండుగలో దేవత పూనడాన్ని జబ్బుగా లెక్కించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ స్పష్టంగా చెప్పింది. ఆచారంతో సంబంధం లేకుండా, ఆ మనిషికి ఇష్టం లేకుండా, బాధపెడుతూ వచ్చే స్థితిని మాత్రమే అది జబ్బు అంటుంది. కాబట్టి గూడెం పూజారి వడ్డె దగ్గరికి వెళ్ళేవాళ్ళను తప్పుపట్టనక్కర్లేదు. మొక్కు తీర్చుకోండి, డాక్టరునూ కలవండి.

డాక్టరు మన గూడెం దాకా రాడు కదా అంటారా? దానికీ దారి కనిపించింది, అదీ మన పొరుగునే. అప్పట్లో అశ్వారావుపేట దాటితే వచ్చే పశ్చిమ గోదావరి జిల్లాలోని 30 గిరిజన గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆశా కార్యకర్తలకు ఫోనులో పనిచేసే ఒక ప్రశ్నావళి ఇచ్చారు. ఊళ్ళో నాటకాలు, పోస్టర్లతో మానసిక జబ్బుల మీద సిగ్గు పోగొట్టే ప్రచారం చేశారు. ఆశాలు 5007 మందిని పలకరించి పరీక్షిస్తే, 238 మందికి కుంగుబాటు, ఆందోళన వంటి సమస్యలు ఉన్నట్టు తేలింది. ఆ 238 మందిలో అంతకుముందు ఎప్పుడైనా దానికోసం వైద్యం చేయించుకున్నది ఇద్దరే. ఈ కార్యక్రమం నడిచిన కాలంలో 30 మంది ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరును కలిశారు. 2017లో ఈ ఫలితాలు ప్రకటించారు. ఇద్దరి నుంచి ముప్పై మంది. సంఖ్య ఇంకా పెరగాలి, కానీ ఆశా కార్యకర్త ఒక ప్రశ్న అడిగితే తలుపు తెరుచుకుంటుందని రుజువైంది. గోవాలో విక్రమ్ పటేల్ బృందం శిక్షణ పొందిన సాధారణ స్త్రీపురుషులతో, ఆరు నుంచి ఎనిమిది విడతల సంభాషణతో, తీవ్రమైన కుంగుబాటుకు కూడా ఉపశమనం ఇవ్వవచ్చని అదే ఏడాది చూపించింది. మన మన్యానికి సరిపోయే పద్ధతి ఇదే. కోయ మాట్లాడే ఆశాలకూ, అంగన్‌వాడీ టీచర్లకూ ఈ శిక్షణ అందాలి.

మిర్చి, పత్తి రైతు ఇళ్ళకు ఒక మాట. 2017 ఏప్రిల్‌లో ధర పడిపోయి ఖమ్మం మార్కెట్‌లో రైతుల ఆక్రోశం ఎంత బద్దలైందో మనమంతా చూశాం. అప్పుకు పరిష్కారం ధరలో, బ్యాంకులో, ప్రభుత్వంలో ఉంది, సందేహం లేదు. అయితే చనిపోవాలన్న ఆలోచన తీవ్రంగా ఉండే గడియ చాలామందిలో కొద్దిసేపటిదే. ఆ గడియ దాటితే మనిషి దక్కుతాడు. శ్రీలంకలో 1995 నుంచి అతి విషపూరితమైన పురుగుమందులను నిషేధిస్తూ వచ్చాక ఆత్మహత్యల రేటు సగానికి పైగా తగ్గింది. పురుగుమందు డబ్బా ఇంట్లో మంచం కింద ఉంచవద్దు. తాళం వేసి, ఇంటికి దూరంగా ఉంచండి. ఎవరైనా బతకాలని లేదు అంటే దాన్ని బెదిరింపుగా కొట్టిపారేయకండి. నీకు చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పెరుగుతుందన్నది అపోహ. అడిగినవాళ్ళుంటే మనసు తేలికపడుతుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2018 మే నుంచి అమల్లో ఉంది. మానసిక వైద్యం పొందడం ప్రతి పౌరుడి హక్కని అది చెబుతోంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించి ఆదుకోవాలే గాని శిక్షించకూడదని కూడా చెబుతోంది. కేసు అవుతుందన్న భయంతో ఎవరూ ఆసుపత్రికి వెళ్ళడం మానవద్దు.

శ్రోతలారా, మీకు మూడు విన్నపాలు. ఉపాధ్యాయులూ హాస్టల్ వార్డెన్లూ, మొద్దు, మొండి అన్న మాటలు పిల్లల మీద వాడకండి, ఆ ప్రవర్తన వెనుక కారణం వెతకండి. చదువుకునే యువతీయువకులారా, మనస్తత్వ శాస్త్రాన్ని మీ పాఠ్యాంశంగా ఎంచుకోండి, మీ భాష తెలిసిన సలహాదారు మీ గూడేనికి అవసరం. ప్రతి ఇంటివారూ ఒక నంబరు గోడ మీద రాసిపెట్టుకోండి: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. 14416. ఇది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత సేవ. పగలైనా రాత్రైనా చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. మీకోసం కాకపోతే మీ పక్కింటివారి కోసమైనా ఈ నంబరు గుర్తుంచుకోండి.